ఎర్ర మందు లెక్క

నలభై కేజీల మోటారు భుజాన వేసుకొని
మూడంతస్తులు ఎక్కినోణ్ణి.
మొన్న రాజాజీనగర్‌లో ఒట్టి చేతుల్తో ఎక్కుతూ
రెండో మలుపులోనే కూర్చుండిపోయాను.
వాచ్‌మన్ చెంబుతో నీళ్లిచ్చి
"వయస్సాయ్తు ఓబుళేసణ్ణా" అన్నాడు.
నలభై ఏడు. వయసంటే వయసే మరి.

కాలిన కాయిలు వాసన నాకు గేటు దగ్గరే తెలిసిపోతుంది.
మూత తీయకముందే చెప్తాను,
ఏ చుట్టు పోయిందో, బేరింగు ఎంత అరిగిందో.
చొక్కా జేబు వెనక
రోజుకు లక్షసార్లు కొట్టుకునేదాని సంగతి మాత్రం
ఎవరో చిన్నపిల్ల, బబుల్‌గమ్ నములుతూ,
చల్లటి జిగురు రాసి చెప్పాల్సి వచ్చింది.

తెర మీద నలుపూ తెలుపూ.
తడిగుడ్డ బండకేసి బాదినట్టు చప్పుడు.
నేను ముందు వాల్వులు చూశాను. అవి బాగానే ఉన్నాయి.
"ముప్పై ఎనిమిది శాతం" అందా పిల్ల.
పాసు మార్కుల కంటే మూడు ఎక్కువే కదా అనుకున్నాను.

డాక్టర్ సహనమ్మ కాగితం మీద బొమ్మ గీయబోయింది.
అర్థమైందమ్మా, అన్నాను,
మోటారు తిరుగుతోంది, నీళ్లు పైకెక్కట్లేదు.
ఆమె పెన్ను ఆగింది. "సరిగ్గా అదే."

తర్వాత అడిగింది,
పదకొండేండ్ల కింద మెడలో గడ్డలకు
మందులెక్కించారు కదా,
అందులో ఎర్రది ఎంత?

ఎర్రది.
మరిచిపోయాననుకున్నాను.
ఐసు ముక్క చప్పరిస్తూ చూసేవాణ్ణి,
గొట్టంలో రోజ్‌మిల్కు సిరప్పులా దిగొచ్చేది.
ఆ పూట ఒంటేలు కూడా అదే రంగు.
గడ్డల్ని కరిగించింది అదే.
పోతూ పోతూ గుండెలో ఒక్కో పోగునూ
వదులు చేసి పోయిందీ అదేనట.
ప్రాణం కాపాడినోడు
చడీచప్పుడు లేకుండా వడ్డీ రాసుకొని పోయి
ఇన్నేండ్లకు వసూలుకొచ్చాడు.

ఫైలు లేదు.
కామాక్షిపాళ్యలో షాపులోకి మోకాటి లోతు వాన నీళ్లొచ్చిన ఏడు
అది ఉండ కట్టుకొని పోయింది.
ఆసుపత్రిలో కంప్యూటర్లు మార్చారు,
కొత్తదానికి నేనెవరో తెలీదు.

గంగరత్న అప్పటిదాకా నోరు విప్పలేదు.
ఇంటికెళ్లి స్టూలెక్కి
అటక మీంచి ముక్కుపొడి రంగు అట్ట పుస్తకం దించింది.
షాపు జమాఖర్చు.

"ఇరవై రెండు గేజి రాగి తీగ, రెండు కేజీలు, బాకీ.
ఎర్ర మందు నాలుగోది, ఎనభై. వాంతులు ఐదు.
వార్నీషు డబ్బా ఒకటి.
రంగప్ప గారి సబ్‌మెర్సిబుల్, అడ్వాన్సు మూడొందలు.
ఎర్ర మందు ఐదోది, ఎనభై. పెరుగన్నం తిన్నాడు.
రాత్రి నిద్రలో నవ్వినాడు."

నవ్వానా?
ఆ సంగతి నాకెప్పుడూ చెప్పలేదు.

సహనమ్మ పేజీ పేజీ ఫోటో తీసుకుంది.
ఆరు ఎనభైలు కూడింది. తల పంకించింది.
"ఇంత జాగ్రత్తగా ఎవరు రాసి పెట్టుకుంటారమ్మా!"
"మందుల షాపోడు లెక్క తప్పు చెప్తాడని రాసినా"
అంది గంగరత్న.

ఇప్పుడు పొద్దున నాలుగు మాత్రలు, రాత్రి రెండు.
ఊరగాయ జాడీ యాడ దాచిందో ఇల్లంతా వెతికినా దొరకలేదు.
లేవగానే తూకం మిషనెక్కాలి.
అదే పుస్తకం, చివర మిగిలిన తెల్ల కాగితాలు:
"శనివారం. అరవై నాలుగున్నర. కాళ్ల వాపు తగ్గింది.
ఒక అంతస్తు, ఆగకుండా."
పక్కన బాకీ గడి
ఖాళీగా వదిలేసింది.

మోటార్లు ఇప్పుడు ఇర్ఫాన్ మోస్తాడు.
నేను కింద సంపు దగ్గర స్టార్టరు నొక్కి
పైపు మీద అరచెయ్యి ఆనించి నిలబడతాను.
ఎండకు కాగిన ఇనుము.
కాసేపు ఏమీ ఉండదు.
పైనుంచి వాడు అరుస్తాడు, "వచ్చాయా అన్నా?"
ఉండరా అబ్బీ, తొందరేంది.
చెయ్యి కింద
చల్లబడుతోంది.